ఊడ్చని మనిషి రాజీనామా

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమెకి ఒకటి ఉండకపోలేదు. పందొమ్మిదేళ్ళుగా పసిపిల్లల నోళ్ళలో మందు చుక్కలు వేస్తూ తిరిగేసరికి ఆ పేరు కాస్తా అరిగిపోయి, చుక్కలమ్మే మిగిలింది. భుజాన మందు సీసాల ఐసుపెట్టె, చంకలో రిజిస్టరు, సంచిలో సుద్దముక్క. తలుపు కొట్టడం, ఐదేళ్ళలోపు పిల్లలెంతమందో అడగడం, చుక్కలు వెయ్యడం, గోడమీద సుద్దతో తారీఖూ పిల్లల లెక్కా రాసి పక్కింటికి పోవడం. తాళం వేసున్న ఇంటికి గుర్తు వేరు. మళ్ళీ రావాలని. ఏ ఇంట్లో పిల్ల చుక్కలంటే మంచం కిందికి దూరుతుందో, ఏ ఇంటి ముసలాయన తలుపు తియ్యడానికి పావుగంట పడుతుందో ఆమె నాలుకమీద ఉంటుంది.

ఆ రిజిస్టరే ఆమెని చదువు వైపు తోసింది. ఒక ఎండాకాలం విరేచనాలు పట్టుకున్న పిల్లల ఇళ్ళన్నీ వరసగా గుర్తు పెట్టుకుంటూ పోతే, నలభై ఒక్క ఇళ్ళు తేలాయి. నలభై ఒక్కటీ ఒకే నీళ్ళ పైపు మీదున్నాయి. ఆ పైపు రెండుచోట్ల మురుక్కాలవలో మునిగి పోతోంది. పక్క సందులో పైపు వేరు, అక్కడ పిల్లలందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఇది చూడ్డానికి మేధావులే రానక్కర్లేదు. చుక్కలమ్మ కాగితం మీద ఇళ్ళ బొమ్మ గీసి, కింద సంతకం పెట్టి, నీళ్ళ ఆఫీసుకి పంపింది. ఒకసారి కాదు, మూడేళ్ళలో మూడుసార్లు. మూడోసారి స్వయంగా వెళ్ళి అడిగితే, అక్కడి ఇంజనీరు కాగితం తిరగేసి, "ఇది చెప్పడానికి నువ్వెవరమ్మా? దీనికి చదువుకున్నవాళ్ళుంటారు" అన్నాడు.

ఆ మాట ముల్లులా దిగింది. ముప్పై ఐదేళ్ళ వయసులో ఇంటిపనీ వీధిపనీ మధ్య దూరవిద్యలో డిగ్రీ గట్టెక్కిన మనిషి ఆమె. ఇప్పుడు నలభై రెండు. ప్రజారోగ్యంలో పీజీ ఉందనీ, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి సాయంత్రం క్లాసులు పెడతారనీ పేపర్లో చూసింది. నాలుగోసారి ఆ బొమ్మ గీసి పంపినప్పుడు పేరు పక్కన ఆ చదువుండాలి, అప్పుడెవడు నువ్వెవరంటాడో చూడాలి అనుకుంది.

ఇంట్లో చెబితే మొగుడు ఊఁ అన్నాడు. ఆయనకి బజార్లో తాళాల కొట్టు. ఊళ్ళో అందరి తాళాలూ తీస్తాడు గానీ ఆయన నోరు మాత్రం తియ్యడు. ఆ లోటు తీర్చడానికి ఆయన తల్లి ఉండనే ఉంది.

"నలభై రెండేళ్ళొచ్చాయి. ఇప్పుడు చదివి ఏం చేస్తావే, ఇంకా పెద్ద చుక్కలేస్తావా?"

"పైపు మార్పిస్తా అత్తయ్యా."

"పైపు మార్చేదానికి పైపులవాణ్ణి పిలుస్తారు గానీ కాలేజీకి పోతారటే?"

"పిలిచా. మూడుసార్లు. వాడు రాలేదు."

అత్త మూతి తిప్పింది గానీ, ఆ మర్నాటి నుంచి సాయంత్రం వంట తన మీద వేసుకుంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దరఖాస్తు నింపడానికి నెట్ సెంటరుకి వెళ్ళింది. ఫొటో ఎక్కించబోతే పెద్దదైందంది, కుదిస్తే మొహం కనపడటం లేదంది, మళ్ళీ తీయిస్తే వెనక గోడ తెల్లగా లేదంది. మూడు రోజులు ఆ మిషనుతోనే సరిపోయింది. ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నావో ఒక పేజీ రాయమని ఉంది. సెంటరువాడు, "అక్కా, తయారుగా ఉంది, పెట్టేస్తా. అందరూ ఇదే పెడతారు" అని చూపించాడు. చిన్ననాటి నుంచీ సమాజసేవ చెయ్యాలన్న తపనతో రగిలిపోతున్నానని అందులో ఉంది.

"నేను రగిలింది చిన్నప్పుడు కాదు నాయనా, మొన్న నీళ్ళ ఆఫీసులో" అని, నలభై ఒక్క ఇళ్ళ సంగతే తన మాటల్లో రాసి ఇచ్చింది.

అంతవరకూ బాగానే ఉంది. చివర్న అనుభవ పత్రం అడిగారు. ఆరోగ్య రంగంలో పని చేస్తున్నట్టు పైఅధికారి సంతకంతో పత్రం పెడితే ఫీజులో సగం మాఫీ. చుక్కలమ్మ నవ్వుకుంది. పందొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నదానికి పత్రానికేం కరువు? తిన్నగా తన ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి గుమాస్తా ముందు నిలబడింది.

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని పెద్ద పుస్తకం తీశాడు. తీసి, చూసి, మళ్ళీ చూసి, మెల్లగా అన్నాడు. "మీరు ఊడ్చే పోస్టులో ఉన్నారు కదండీ."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. మొదటి ఏడేళ్ళూ రోజుకూలి మీద చేసింది, దానికి కాగితమే లేదు. పన్నెండేళ్ళ కింద, అప్పటి డాక్టరు, మంచివాడే పాపం, పిలిచి చెప్పాడు. "చుక్కల పోస్టుకి డబ్బు మంజూరు కాలేదమ్మా. ఊడ్చే పోస్టొకటి ఖాళీగా ఉంది. కాగితం మీదే. ఒకటో తారీఖున జీతం పడుతుంది, అందులోంచి పొదుపు నిధికి కూడా కోస్తారు. పెట్టు సంతకం." ఏడేళ్ళు కూలిడబ్బులకి కాళ్ళరిగేలా తిరిగిన మనిషికి ఒకటో తారీఖు అన్నమాట వరంలా వినిపించింది. సంతకం పెట్టి ఆ రోజు కేంద్రంలో అందరికీ టీ పోయించింది కూడా.

మరి అక్కడ నిజంగా ఊడ్చేదెవరంటే ఒక పెద్దమ్మ. నడుం వంగిపోయిన మనిషి, పొద్దున్నే వచ్చి మూడు గదులూ వరండా ఊడ్చి తుడిచిపోతుంది. ఆమె జీతం టీ ఖర్చుల్లోంచి ఇస్తారు. అంటే ఆ కేంద్రం కాగితాల్లో పెద్దమ్మ కోసం వెతికితే టీ, బిస్కెట్ల కింద దొరుకుతుంది. చుక్కలమ్మ చీపురు కింద దొరుకుతుంది. పిల్లల నోట్లో చుక్కలు వేసిన మనిషి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రిజిస్టర్ల కింద సంతకాలన్నీ సూపర్వైజరువి. ఆమె చేతిరాత ఉన్నదల్లా గోడలమీద, అదీ వాన పడేదాకా.

ఇప్పటి డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఈయన కుర్రవాడు, ఇస్త్రీ మడత నలక్కుండా కూర్చుంటాడు.

"సార్, నేను ఏం పని చేస్తానో మీకు తెలుసుగా?"

"తెలియకేమమ్మా. నువ్వు లేకపోతే ఈ సెంటరే లేదు."

"అదే రాసివ్వండి సార్."

"అదొక్కటే రాయలేను." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఊడ్చే పోస్టులో ఉన్న మనిషి చేత చుక్కలు వేయిస్తున్నానని నేనే సంతకం పెడితే, ఆడిట్ వాళ్ళొచ్చి నన్ను ఊడ్చేస్తారు."

"పోస్టు పెట్టింది మీరు కాదుగా."

"మార్చనిది నేనేగా. కావాలంటే చక్కగా ఊడుస్తావని రాసిస్తా."

"చీపురు పట్టగా ఎప్పుడైనా చూశారా నన్ను?"

"అందుకే, అది కూడా అబద్ధమే. కానీ ఆ అబద్ధానికి కాగితముంది."

చేసేది లేక ఊడ్చే మనిషన్న జీతం చీటీనే దరఖాస్తుకి జతచేసింది. ఇక రాదులే అనుకుంటే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న ప్రొఫెసరమ్మ ఆ చీటీ చూసి, "ఊడ్చే పని చేసేవారికి ప్రజారోగ్యం మీద ఆసక్తి ఎలా కలిగింది?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. చుక్కలమ్మ సంచిలోంచి నలభై ఒక్క ఇళ్ళ బొమ్మ తీసి బల్లమీద పరిచింది. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి వంగి చూశారు. పావుగంట అనుకున్నది ముప్పావుగంట పట్టింది.

సోమవారం సీటొచ్చినట్టు ఉత్తరమొచ్చింది. శుక్రవారం నాలుగు గంటల్లోపు మొదటి ఏడాది ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. సగం మాఫీ కావాలంటే అనుభవ పత్రం కూడా ఆ నాలుగు గంటల్లోపే చేరాలి. చుక్కలమ్మ వేళ్ళమీద లెక్క వేసుకుంది. సగమైతే మొగుడి కొట్టులో దాచింది, తన జీతం, ఎలాగో నెట్టుకురావచ్చు. పూర్తిగా అయితే తన పొదుపు నిధి ఒక్కటే గతి. పన్నెండేళ్ళు చీపురు పేరు చెప్పి కోసుకున్న డబ్బు.

మంగళవారం నిధి ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కూర్చున్నావిడ ఒక ఫారం తీసి గడులు చూపించింది. "పెళ్ళికైతే ముందే తీసుకోనిస్తాం. ఇల్లు కట్టుకుంటే ఇస్తాం. ఇంట్లో ఎవరైనా పోతే ఇస్తాం. పిల్లల చదువుకిస్తాం."

"నా చదువుకి?"

ఆవిడ పైనుంచి కిందిదాకా చూసి, "దానికి గడి లేదమ్మా" అంది. "ఉద్యోగం మానేస్తే మాత్రం మొత్తం ఇచ్చేస్తాం, అదే రోజు."

సాయంత్రం ఈ సంగతి చెప్పగానే అత్త కూరగాయలు తరగడం ఆపింది.

"ఇంట్లో ఎవరైనా పోతే ఇస్తారా?"

"ఇస్తారట."

"అయితే నేను పోయానని రాయి."

"చూపించమంటారు అత్తయ్యా."

"చూపించు. రెండ్రోజులు కదలకుండా పడుకుంటా. ఎలాగూ మోకాళ్ళు లేవనివ్వడం లేదు."

"మాట్లాడకుండా ఉండాలి మరి" అన్నాడు తాళాలాయన. ఆ వారంలో ఆయన మాట్లాడింది అదొక్కటే.

"ఓరి నీ నోట్లో..." అని తిట్టబోయి, కొడుకు నోరు తెరిచిన వింతకి అత్త ఆగిపోయింది. చుక్కలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెళ్ళీ, చావూ, ఇల్లూ. ఆడమనిషి తన కోసం ఒక పుస్తకం కొనుక్కుంటుందని ఆ గడులు గీసినవాడికి కల్లోకూడా తోచలేదు!

బుధవారం ఆఖరి ప్రయత్నంగా మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయింది. పందొమ్మిదేళ్ళు వద్దు, ఒక్క ఏడాదన్నా రాయమంది. ఆయన పెన్ను పట్టుకోను కూడా లేదు. అప్పుడు సంచిలోంచి ఇంకో కాగితం తీసి ముందు పెట్టింది. ఊడ్చే ఉద్యోగానికి రాజీనామా.

బెదిరింపు అనుకున్నాడో ఏమో, నవ్వాడు. "తొందరపడుతున్నావు. రెండ్రోజుల్లో తిరిగొస్తావు" అంటూ సంతకం గీకేశాడు.

గురువారం స్టోరులో పడింది అసలు తంటా. నిధి చేతికి రావాలంటే ఆఫీసు సామానేమీ బాకీ లేదని స్టోరుకీపరు రాసివ్వాలి. ఆయన లావుపాటి లెడ్జరు తెరిచి, వేలితో కిందికి జారుతూ చదివాడు. "ఏడాదికి నాలుగు చీపుర్లు, ఒక బకెట్టు, రెండు తుడిచే గుడ్డలు. పన్నెండేళ్ళకి నలభై ఎనిమిది చీపుర్లు..."

"నాకా? ఎప్పుడిచ్చారు?"

"ఇదిగో సంతకాలు."

పన్నెండూ ఆమె సంతకాలే. ఏడాది చివర్న కాగితాల బొత్తి తెచ్చి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అంటే, వీధిలోకి పోవాలన్న తొందరలో గీసి పారేసింది. రోజుకి ముప్పై ఇళ్ళలో ఒక్క పిల్ల లెక్క తప్పనివ్వని మహాతల్లి, తన పేరున వచ్చిన కాగితం ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. ఎవర్ని తిట్టాలో తెలియక ముందు తన్నే తిట్టుకుంది. ఆ తర్వాత, ఆ చీపుర్లు ఏ మహారాజు వాకిలి ఊడ్చాయోనని స్టోరుకీపరు మొహంలోకి చూసింది. ఆయన లెడ్జర్లోకి చూశాడు.

"పాతవి అరిగిపోయినట్టు రాసేస్తాన్లే" అన్నాడు, దానమిచ్చినట్టు. "ఈ ఏడాదివి మాత్రం అప్పజెప్పాలి."

వరండాలో ఈ గొడవంతా వింటున్న పెద్దమ్మ తన చీపురు పట్టుకుని లోపలికి వచ్చింది. సగానికి అరిగి, పిడి దగ్గర గుడ్డపేలిక చుట్టిన చీపురు. "ఇది ఇచ్చెయ్యి తల్లీ. ఇది నేను కొనుక్కున్నదే. వీళ్ళు నాకెప్పుడిచ్చారు గనక?"

స్టోరుకీపరు దాన్ని రెండువేళ్ళతో పట్టుకుని, "ఇది చెల్లదు. లెడ్జర్లో పొడుగుచీపురు అనుంది" అన్నాడు.

పెద్దమ్మ దాన్ని లాక్కుంది. "చెల్లదూ? నువ్వు తొక్కిన బురద రోజూ దీంతోనే ఎత్తా. అప్పుడు చెల్లింది కాబోలు!"

చుక్కలమ్మ బజారుకి వెళ్ళింది. నాలుగు పొడుగుచీపుర్లు, ఒక బకెట్టు, రెండు గుడ్డలు కొంది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో చీపురు పట్టుకోవడం అదే మొదలు. దారిపొడుగునా గుమ్మాల్లోంచి తల్లులు, "ఏంటి చుక్కలమ్మా, కొత్తిల్లా?" అని అడుగుతుంటే, "లేదమ్మా, పాత ఉద్యోగం" అంటూ నడిచింది. ఆమె తిరిగొచ్చేసరికి స్టోరుకి తాళం. ఐదయింది, రేపు రమ్మన్నారు.

శుక్రవారం పదకొండింటిదాకా స్టోరుకీపరు రాలేదు. వచ్చాక చీపుర్లు లెక్కపెట్టాడు, బకెట్టు తిరగేసి చిల్లుందేమో చూశాడు, గుడ్డలు కొలిచాడు. అప్పుడు సంతకం పెట్టాడు. "రసీదివ్వండి" అంది ఆమె. ఆయన ఎగాదిగా చూస్తే, "ఇకమీదట కాగితం చూసుకోకుండా కదలదలుచుకోలేదు" అని అక్కడే నిలబడి, రసీదు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి మడిచి దాచుకుంది. బకెట్టు పెద్దమ్మ వైపు జరిపి, "సంతకం ఇక్కడ పెట్టమంటే పెట్టకు పెద్దమ్మా, చదివించుకో" అని చెప్పి బయటపడింది.

నిధి ఆఫీసులో డబ్బు ఆమె ఖాతాలో వేసేసరికి రెండున్నర. కాలేజీకి రెండు బస్సులు మారాలి. కౌంటరు ముందు వరస. ఆమె వంతు వచ్చేసరికి మిషను మొరాయించింది. లోపలి మనిషి దాన్ని అటు తట్టి, ఇటు తట్టి, మళ్ళీ మొదటినుంచి అన్నాడు. చుక్కలమ్మ గోడ గడియారం ముల్లుని కళ్ళతోనే పట్టి ఆపింది. మూడూ యాభై ఆరుకి రసీదు బయటికొచ్చింది.

ఫీజు, పూర్తిగా. మాఫీ, లేదు. వృత్తి అన్నచోట, ఊడ్చే పని. ఇదీ చదివింది, చివరిదాకా.

పన్నెండేళ్ళ నిధి ఒక్క కాగితమై కూర్చుంది. రెండో ఏడాది సంగతి దేవుడెరుగు. గోడ పక్క బెంచీ మీద కూలబడి చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంటుంటే ఫోను మోగింది. డాక్టరు.

"ఏమ్మా, నువ్వు నిజంగానే వెళ్ళిపోయావట?"

"మీరే సంతకం పెట్టారు సార్."

"ఎల్లుండి ఆదివారం చుక్కల రోజు. నీ వీధుల్లో మూడొందల పన్నెండుమంది పిల్లలు. సూపర్వైజర్ని పంపి చూశాను, ఆవిడకి తలుపులే తెలియడం లేదు. ఒక ఇంటికి వెళ్తే ఆ ఇంటివాళ్ళు మారిపోయి పదేళ్ళయిందట!"

"ఆ రిజిస్టరు కింద సంతకం ఆవిడదేగా సార్."

డాక్టరు దిగొచ్చాడు. "సరే, రేపు పొద్దున్నే రా. ఆ పత్రం రాసిస్తాను. పందొమ్మిదేళ్ళూ రాస్తాను. ఆడిట్ సంగతి నేను చూసుకుంటా."

చుక్కలమ్మ తలెత్తి గడియారం చూసింది. నాలుగూ పది. కౌంటరు మనిషి చెక్క తలుపు దించేస్తున్నాడు. ఈ మనిషి ఈ మాటే బుధవారం అనుంటే, నిధి నిధిలాగే ఉండేది, ఉద్యోగం ఉద్యోగంలాగే ఉండేది. ఆయనకి బుధవారం లేని ధైర్యం శుక్రవారం ఎక్కడినుంచి ఊడిపడిందో! నాలుగ్గంటలు దాటాక పది నిమిషాలకి.

"ఇప్పుడు దాంతో ఏం చేసుకోను సార్, అద్దం కట్టించుకోనా?"

"అదికాదమ్మా, పిల్లలు..."

"పిల్లలేం చేశారు, వస్తాను. కూలి ఆ రోజుకా రోజు ఇవ్వాలి. హాజరు పుస్తకంలో నా పేరు పక్కన చుక్కలు వేసే మనిషి అని మీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. అది చదివాకే పెట్టె భుజానికెత్తుతా."

"అలా ఎలా రాస్తాం? ఆ పోస్టు..."

"అయితే కొత్త చీపుర్లు నాలుగు మీ స్టోరులో ఉన్నాయి. ఆదివారం వాటిని పంపండి" అని ఫోను పెట్టేసింది.

ఇంటికి చేరేసరికి అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది.

"కట్టావా?"

"కట్టాను."

"రెండో ఏడుకి?"

చుక్కలమ్మ చెప్పులు విప్పి గోడవార పెట్టింది. అత్త ఆమె చేతిలో రసీదు తీసుకుని, అక్షరం ముక్క రాకపోయినా, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇక నేను చచ్చినా దమ్మిడీ రాలదు. ఉన్న నిధి కాస్తా మూసేసి వచ్చావు" అని గొణిగి, దాన్ని బియ్యం డబ్బా మీద, అందరికీ కనపడేచోట పెట్టింది. "చేతులు కడుక్కో. అన్నం చల్లారిపోతోంది. సోమవారం నించి క్లాసులా? ఎన్నింటికే?"